సూది వేయించానండీ

డిసెంబరు 9, మంగళవారం

వదిన గారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. ఈసారి మొదటి సగం రాయలేను. గొంతు బొంగురుపోయి ఫోనులో ఎవరికీ అర్థం కాక ఈ ఉత్తరం. మీ ఊరు వచ్చే వ్యాను డ్రైవరు రేపు తీసుకెళ్తానన్నాడు.

నాకు ఫ్లూ. అది రాకుండా వేసే సూది వేయించుకున్నాక కూడా. టిక్కెట్ల కౌంటరులో కూర్చుంటాను కదా, అద్దానికున్న కన్నంలోంచి చిల్లర కంటే దగ్గే ఎక్కువ వస్తుంది. ఒళ్ళు నొప్పులతో మొదలై జ్వరంలోకి దిగింది. సూది జబ్బును ఆపలేకపోయినా దాని జోరు తగ్గిస్తుందని డాక్టరు అన్నాడు. అది విని అమ్మ, గొడుగు పట్టుకెళ్ళి నిలువునా తడిసొచ్చాడమ్మా నా కొడుకు అంది. గొడుగు లేకపోతే కొట్టుకుపోయేవారు అత్తయ్యా అంది మీ చెల్లెలు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. భయమల్లా అమ్మ గురించే. ఆవిడ ఊపిరితిత్తులు అంతంతమాత్రమని మీకు తెలుసు. అందుకే ముందుగదిలో, మీ చెల్లెలి కుట్టుమిషను పక్కన, సగం కుట్టిన బడి యూనిఫారాల మధ్య మంచం వేసుకున్నాను. వాళ్ళిద్దరూ లోపలి గదిలో ఉన్నారు. ముగ్గురం సూది వేయించుకున్నవాళ్ళమే కదా అని ధైర్యం చెప్పుకుంటున్నాను. కానీ వేయించుకున్న నేనే పడ్డాను.

ఇవాళ మధ్యాహ్నం నుంచి గోడ అవతల దగ్గు. పొడి దగ్గు, ఆగి ఆగి. నాకూ ఇలాగే మొదలైంది. తలుపు కొట్టి అమ్మకెలా ఉందని అడిగాను. బాగానే ఉన్నారు, మీరు పడుకోండి, నేనున్నానుగా అంది మీ చెల్లెలు. గొంతు పీలగా ఉంది. చాకిరీతో అలిసిపోయిందనుకున్నాను. కాసేపాగి మళ్ళీ అడిగితే దగ్గే వచ్చింది. తలుపు తీస్తే నా రోగం లోపలికి పోతుంది. తీయకపోతే లోపలేం జరుగుతోందో తెలియదు.

ఆదివారం వస్తానన్నారు. రావద్దు. మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంది.

ఇట్లు,
మీ మరిది

తా.క. బుధవారం ఉదయం, ఆసుపత్రి వరండా నుంచి. అమ్మ ఫోను చేసింది, మీకు కలవలేదు.

నిన్న చీకటి పడుతుండగా అమ్మే తలుపు తీసింది. నాకేం కాలేదురా, ముందు దీన్ని చూడు అంది. మీ చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, పెదాలు నల్లబడ్డాయి. ఆ దగ్గు తనది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుందిరా అంది అమ్మ.

ఇక్కడి డాక్టరమ్మ, ఫ్లూ సూది వేయించుకున్నావా అమ్మా అని అడిగింది. వేయించానండీ అంది మీ చెల్లెలు. డాక్టరమ్మ రాసుకోబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వేయించానంటోంది తల్లీ, వేయించుకున్నానని అనట్లేదు. నాకూ వాడికీ వేయించింది, తన వంతు వచ్చేసరికి మందు అయిపోయింది తర్వాత రమ్మన్నారు, ఈ యూనిఫారాల గోలలో మళ్ళీ వెళ్ళనేలేదు, ఒట్లు వేయించుకోవడం మాత్రం వచ్చు దీనికి అని ఏడ్చింది. అమ్మని తీసుకెళ్ళిన రోజే తనూ వేయించుకుందని నేననుకున్నాను. అడగలేదు.

రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. ఆక్సిజన్ పెట్టారు. అక్కకి రాస్తున్నానంటే వద్దని చేత్తో సైగ చేస్తోంది.

వదినా, బిడ్డని ఎవరికైనా అప్పగించి, ఈ ఉత్తరం తెచ్చిన వ్యానులోనే ఎక్కి రండి.