వాకబుకి వచ్చిన మనిషి

శ్రీకూర్మం దగ్గర పేట నుంచి,
ఆదివారం.

చిరంజీవి యమునకి మామ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నాం. బాగున్నామని రాశాను గానీ మీ నాన్నకి భుజం నొప్పి తగ్గలేదు, మీ అమ్మ సరిగ్గా తినడం లేదు, నిన్నటి నుంచి సముద్రం రంగు నాకు నచ్చడం లేదు. అయినా బాగున్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను. విశాఖపట్నంలో వానలంటున్నారు. తడిసిన బట్టలతో ఆ చల్లగదిలో కూచోకు.

ఫోనుండగా ఇంకా ఉత్తరాలేమిటని మీ నాన్న నవ్వుతున్నాడు. రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు నేను మరిచిపోకూడదని, నువ్వు హాస్టల్లో చేరిన ఏడాది నువ్వే కదా ఇది మొదలుపెట్టావు. అదీగాక ఫోనులో నేను నోరు తెరిచేలోగా పర్లేదు మామ్మా అనేస్తావు. ఈసారి అలా అనకుండా చివరిదాకా చదువు.

నువ్వడిగినవి చెబుతాను. కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. బీపీ మాత్ర మింగుతున్నాను. మొన్న ఉపవాసం నాడు ఒక్కటి మానేశాను, పరగడుపున పడదేమోనని. మీ నాన్న కొత్త వల కొన్నాడు. పక్కింటి జగ్గమ్మకి నీ కొత్త ఉద్యోగం గురించి చెప్పావా అన్నావు. చెప్పాను. సింగపూరులో ఓడల కంపెనీ, నాలుగైదు దేశాల నుంచి మనుషుల్ని పనిలోకి తీసుకుంటుంది, ఎవరికి ఏ దేశం చట్టం, ఎవరికి ఎన్నాళ్లు సెలవు, ఇంటి దగ్గర ఆపదొస్తే వాళ్లని ఎలా పంపించాలి, అవన్నీ మా యమున చూడాలి అని నువ్వు రాసినట్టే చెప్పాను. ఎండుచేపలు ఏరుతూ అంతా విని ఏమందో తెలుసా.

"అయితే మేస్త్రీ పనే గదేటి వదినా. దానికి అంత సదువెందుకు?"

రెండు రోజులు దానితో మాట్లాడలేదు. తరవాత ఆలోచించాను. మేస్త్రీయే అనుకుందాం. మంచి మేస్త్రీ దొరకడం ఎంత కష్టమో మనకి తెలియదా?

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన ఇండోనేషియా వంటమనిషి సంగతి నాలుగుసార్లు చదివాను. విశాఖ రేవులో ఓడ ఎక్కబోతూ అతను ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టబోతే ఆపి, అతని భాషలో రాయించి, చదివి వినిపించాకే పెట్టించావట. ఆలస్యమైందని మీ పై ఆఫీసరు కసిరాడట. ఆ తరవాత ఆయనే అందరికీ అలాగే చెయ్యమన్నాడట. ఆ పని వల్లే సింగపూరు వాళ్ల కంట పడ్డావని రాశావు. మీ తాత గంగులు గుజరాత్ పడవల మీదకి చేపలవేట పనికి వెళ్లినప్పుడు ఏం రాసుందో తెలియని కాగితం మీద వేలిముద్ర వేశాడు. నాలుగు నెలలని తీసుకెళ్లి పదకొండు నెలలు ఉంచేశారు. మీ నాన్న తొలి అడుగులు వేసింది అప్పుడే. ఆయన చూడలేదు. ఆ కాగితం పెట్టిన బల్ల దగ్గర నీలాంటిది ఒక్కర్తి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఉద్యోగం ఖాయం చేసిన సింగపూరు వాళ్లు, ఇంటి దగ్గర వాకబులో వివరాలు కలవలేదని ఆపారని, నెలాఖరులోగా తేలకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారని రాశావు. ఇంటికి ఎవరైనా వచ్చారా మామ్మా అని అడిగావు. మీ అమ్మా నాన్నా ఎవరూ రాలేదన్నారు. వాళ్లకి అప్పటికి తెలియదు. వచ్చాడమ్మా. నేనే మాట్లాడాను.

వాళ్లిద్దరూ నరసన్నపేట పెళ్లికి వెళ్లిన రోజు అది. ముప్పై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి. పేరు ధనరాజ్ అన్నాడు. మన ఇంటిని ఫొటో తీసి, యమునగారి వయసెంత, ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంటున్నారు, ఊళ్లో పేరెలాంటిది అని మొదలుపెట్టాడు. నువ్వే చెప్పు, పెళ్లికి ఉన్న పిల్ల గురించి ఇన్ని ఆరాలు ఎవరు తీస్తారు? పెళ్లివారు పంపిన మనిషే అనుకున్నాను. మంచం వాల్చి టీ ఇచ్చాను. పెళ్లివారికి ఎలా చెబుతామో అలాగే చెప్పాను.

"ఇరవై అయిదు నడస్తన్నాది బాబూ. మా పిల్ల గడప దాటి ఎరగదు."

మూడేళ్లు తగ్గించాను. నాలుగేళ్లుగా విశాఖపట్నంలో గది తీసుకుని ఒక్కదానివే ఉంటున్నావన్నది మింగేశాను. పెళ్లయ్యాక ఉద్యోగం మాన్పించేస్తామని అడగకుండానే చెప్పాను. అతను అన్నీ ఫోనులో ఎక్కించుకున్నాడు. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే, అబ్బాయెవరమ్మా, నన్ను కంపెనీ పంపింది అన్నాడు. కంపెనీలో చేస్తున్న అబ్బాయి కాబోలని సంతోషపడ్డాను. చీటీ మీద నంబరు రాసిచ్చి వెళ్లాడు.

ఇంతవరకూ చదివి నవ్వుకుంటావని నాకు తెలుసు. అందుకే మిగతాది కూడా రాయాలి. లేచి వెళ్లబోతూ అతను సింగపూరు అన్నాడు. స్పష్టంగా విన్నాను. ఇది పెళ్లి మాట కాదేమోనని అప్పుడే గుండెలో తట్టింది. అతనింకా వీధి మలుపు తిరగలేదు, పిలిస్తే వినపడును. నేను పిలవలేదు. ఆ ఉద్యోగం పోతే పోయింది, పిల్ల ఇక్కడే ఉంటుంది అనుకుని టీ గ్లాసు కడుక్కున్నాను. ముందు చెప్పినవి తెలియక చెప్పాను. ఇది తెలిసి చేశాను. తిట్టాలంటే దీనికి తిట్టు.

నీ ఉత్తరం అందాక మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు నీ పదో తరగతి కాగితం తీసుకుని జగన్నాధం మాస్టారి దగ్గరికి వెళ్లాను. నాకు రాత్రి బడిలో, నీకు పగటి బడిలో చదువు చెప్పిన మనిషి, ఆయన దగ్గర సిగ్గేమిటి? ఆయన ఆ నంబరుకి ఫోను చేశాడు. ఇద్దరం ఆటోలో శ్రీకాకుళం వెళ్లాం. ఎక్కడ తిరగబడుతుందోనని దారిపొడుగునా కడ్డీ వదల్లేదు. మందుల షాపు మేడ మీద చిన్న గది, అదే ధనరాజ్ ఆఫీసు. నన్ను చూసి మర్యాదగా లేచాడు గానీ, సంగతి వినగానే ముఖం ముడుచుకున్నాడు.

"మీరు సెప్పిందే రాసినానమ్మా. నేనేటీ కల్పించలేదు."

"నువ్వు కల్పించలేదు బాబూ, నేను కల్పించినాను. అది రాసుకో."

మాస్టారు రాసిపెడతానన్నాడు. వద్దని, తెల్లకాగితం అడిగి నేనే రాశాను. అరగంట పట్టింది. పుట్టిన తేదీ నీ కాగితం చూసి దించాను. మా మనవరాలు నాలుగేళ్లుగా పట్నంలో ఒక్కర్తీ ఉండి పని చేస్తున్నది, మాకు తెలిసే ఉన్నది, అది మాకు గౌరవం అని రాశాను. గౌరవంలో ఔత్వం ఎలా పెట్టాలో మాస్టారిని అడగాల్సి వచ్చింది. ధనరాజ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. వాళ్ల చెల్లెలికి సంబంధాలొస్తే వాళ్లమ్మ నాలుగేళ్లు తగ్గిస్తుందట. అది చెప్పి నవ్వాడు. కానీ మళ్లీ వాకబు చేస్తేగాని మార్చకూడదట.

గురువారం వచ్చాడు. ఆ పొద్దున్నే మీ అమ్మానాన్నలకి అంతా చెప్పాను. మీ నాన్న నన్ను తిట్టకుండా నీకు చెప్పాలని ఫోను తీశాడు. తిడితే బాగుండేది. నేనే రాస్తాను, ముందు ఫోను చెయ్యొద్దని ఒట్టు వేయించుకున్నాను. ధనరాజ్ అన్నీ మళ్లీ అడిగాడు, కాగితాలకి ఫొటో తీసుకున్నాడు. పక్కింట్లో అడగాలంటే జగ్గమ్మే కదా. ఏమంటుందోనని నేనూ వెనకాలే వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను.

"దాన్ని పంపండి బాబూ. మాలాటోళ్ల కాగితాలు సదివి సెప్పడానికి అక్కడొకర్తుండాల" అంది.

కొత్త వివరాలు పంపేశానని, వారంలో జవాబొస్తుందని, ఇబ్బంది ఉండకపోవచ్చని నిన్న ధనరాజ్ ఫోను చేశాడు. నీకూ కబురు వస్తుంది. భయం పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. విమానమంటే భయం, తెలియని ఊరంటే భయం, నీకు జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారని భయం. అది నా భయం, నా దగ్గరే ఉంటుంది. ఇకమీదట నీ కాగితాల్లోకి ఎక్కించను. నువ్వు వెళ్లు.

ఒక్క మాట చెప్పాలని ఉంది. రేపు ఆ కుర్చీలో కూచున్నాక నీ ముందుకీ ఎవరిదో కాగితం వస్తుంది, ఇంటి దగ్గర చెప్పింది కలవలేదని. అతనిది ఏ దేశమైనా కానీ, ఇంట్లో నాలాంటి ముసలిది ఒకత్తె ఉండి ఉంటుంది. పేరు కొట్టేసే ముందు ఇంకోసారి మనిషిని పంపించు తల్లీ. రెండోసారి మేము నిజం చెబుతాం.

ఇట్లు,
నీ మేలు కోరే మామ్మ
లక్ష్మణమ్మ