చంద్రమ్మ మాట లేని పాట

అవినాష్ బాబుకు, కింద ఉండే ఇంటాయన సాయిలు రాసేది.
నువ్వు పొద్దుగాలనే రాయదుర్గం ఆఫీసుకు ఉరుకుతవు. ఫోన్ల రాసుడు నాకు రాదు. గందుకే ఈ చీటి నీ పాల సంచిల ఏస్తున్న. ఎన్కట నేను భజనల పాడిన క్యాసెట్ ఇది. నీ పాటల డబ్బల ఎక్కియ్యి. శనివారం భజనల పాడొద్దంటున్నది మా ఇంటామె చంద్రమ్మ. ఆమెకు జవాబు ఈ క్యాసెట్లనే ఉన్నది.
ఇట్లు, సాయిలు.
మల్ల: జర పైలం. నా ఇజ్జత్ అది.

సాయిలు గారికి నమస్కారాలండి.
ఎంపీత్రీ చేసి నా చిన్న ప్లేయర్‌లో వేశాను. టేపు గరగర, కుక్కర్ విజిల్, వెనక ఆడవాళ్ళ మాటలు అన్నీ తీసేశానండి. ఇక మీ గొంతు ఒక్కటే.
మీ అవినాష్
తా.క.: వంటింట్లోంచి మా వాసంతి ‘ఎవరికి బాలేదు?’ అంది. భజనేనని చెప్పాను.

అవినాష్ బాబుకు.
నీ డబ్బ మంచిగ లేదు. గొంతున్నది గని అసలుది పోయింది. శనివారం దగ్గరికొచ్చింది. నాకు కాలు నిలుస్తలేదు.
సాయిలు
మల్ల: మీ వాసంతమ్మకు భజన తెల్వదు.

సాయిలు గారూ, మీ చెవికి దండమండి.
ఫైలు చిన్నది కావడానికి ఎంపీత్రీలో శబ్దం కొంత కోసేస్తారు. మా ఆఫీసులో ఎవరూ పట్టలేరు, మీరు పట్టేశారు. ఈసారి ఏమీ కోయని ఫ్లాక్ ఫైలుగా చేసి, పెద్ద ప్లేయర్‌లో వేశాను.
అవినాష్
తా.క.: కాస్త గరగర మిగిలితే అదీ తుడిచేశానండి.

అవినాష్,
గరగర తుడువుమని ఎవరన్నరు? పాట నడుమ చంద్రమ్మ పక్కింటి కిష్టమ్మతోని ‘మా ఆయన మంచిగ పాడుతడు’ అంటది. ఇప్పుడేమో అననే లేదంటున్నది. నా సాక్షిని నువ్వు ఊడ్చి పారేసినవు. కుక్కర్‌తో సహా అంత ఎక్కియ్యి.
సాయిలు
మల్ల: స్పీకర్ పెద్దదియ్యి. మందికి వినబడాలె.

సాయిలు గారూ, క్షమించండి.
మంచి టేప్‌రికార్డర్ తెచ్చి మళ్ళీ ఎక్కించాను. ఏదీ తీయలేదు. అమ్మగారి గుసగుస కూడా వినిపిస్తోంది. స్పీకర్ జతచేశాను.
అవినాష్
తా.క.: అందరిలో పెట్టేముందు మీరొక్కరే ఓసారి వినండి.

అవినాష్ బాబుకు, సాయిలు రాసేది.
నా పాట నేను ముందుగాల వినేదేంది? సీదా భజనల పెట్టిన. నా పాత టేపుల ‘మంచిగ పాడుతడు’ దాకనే వినొస్తుండె, తర్వాత అంత గరగరనే. నీ డబ్బల ఆ ఎనుకది గూడ వినొచ్చింది. ‘అట్లనకపోతే అన్నం తినడు కిష్టమ్మా’ అన్నది చంద్రమ్మ. భజన ఆగింది, నవ్వుడు ఆగలే. ఇంటికొచ్చి అన్నం తినలే నేను. ఒక్కరు అడగలే.
నీ డబ్బ సౌండ్ బేకార్. నా పాత టేపే నయం.
ఇట్లు, సాయిలు.
మల్ల: డబ్బ వాపస్ రాలేదని పరేషాన్ కాకు. చంద్రమ్మ ఇస్తలేదు. సౌండ్ శాన మంచిగున్నదట.