మెరక చేలో క్లాసు

బిలాస్‌పూర్,
జులై 16

బంగారం లాంటి మా అమ్మకు,

పురుడు దగ్గరపడి నువ్వు అక్క దగ్గరున్న వేళ ఫోనులో చెప్పలేక ఇలా రాస్తున్నాను. ఒత్తులు తప్పితే నవ్వుకో. హిందీ బడిలో చదివిన నాకు తెలుగు నేర్పింది నువ్వే కదా.

మొన్న నేను పనికెళ్లే బెల్తరాలో పంటలెలా ఉన్నాయని అడిగితే పచ్చగా ఉన్నాయన్నాను. అబద్ధం. సుక్వారా బాయి చేను ఎండిపోయింది, అమ్మా. నా వల్లే.

ఆమెకున్న రెండెకరాల్లో ఒక ఎకరం మెరక, ఇసుక నేల. వానలు గతి తప్పినా నిలిచే సాగు నేర్పడం మా సంస్థ పని. నారు పోయకుండా పొడి దుక్కిలోనే వరసల్లో వరి విత్తమని క్లాసులో పదిహేను మందికి చెప్పాను. ఆమె ఒక్కతే, "ఆ మెరకలో కోదో వేసుకుంటా నోనీ, మా అత్త అదే వేసేది" అంది. కోదో అంటే మన అరికలు. నోని అని ఇక్కడ ఆడపిల్లని ముద్దుగా పిలుస్తారు. నేను నవ్వేసి, "ఇది తొందరగా పండే వరి, నన్ను నమ్ము" అన్నాను. నమ్మింది. ఒక వానకి మొలకలొచ్చాయి. తర్వాత ఇరవై రోజులు చుక్క పడలేదు. పల్లపు చేలు ఎలాగో తట్టుకున్నాయి. ఆ మెరకలో మాత్రం ఒక్క మొలక మిగల్లేదు.

అది చూసి వచ్చాక మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. పది రోజులుగా స్కూటీ మీద దారిలో కోని దాకా వెళ్లి తిరిగి వచ్చేస్తున్నాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి, "ఏటమ్మా, కళ్లు అలగున్నాయేటి?" అంటే దుమ్మన్నాను.

రాజీనామా రాసేశాను. సోమవారం ఇస్తాను. ఆదివారం సుక్వారా బాయి దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పాలి. నువ్వు పక్కనుంటే బాగుండేది.

నీ చిన్నది,
జ్యోతిర్మయి

బిలాస్‌పూర్,
ఆగస్టు 9

అమ్మా, మా మంచి అమ్మా,

పాపాయి ఫొటో చూసి నాన్నా నేనూ పోట్లాడుకున్నాం. ముక్కు నీదని నేను, కాదు తనదని ఆయన!

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి సుక్వారా బాయి ఇరుగుపొరుగు ఆడవాళ్లతో అరుగు మీద కూర్చుని ఉంది. అందరి ముందే, "నీ మాట వినకపోవడం నా తప్పు. ఇక నేను రాను" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆమె, "కోపం లేదని చెప్పను నోనీ. చేను ఎండినందుకు కొంచెం, నువ్వు పది రోజులు రానందుకు చాలా. విత్తనం పోతే మళ్లీ వేస్తాం. చెప్పినవాళ్లే మొహం చాటేస్తే మేమెవర్ని అడగాలి?" అని లేచి, లోపలి నుంచి కోదో విత్తనాల మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. "పద" అంది.

ఆ పూటే ఇద్దరం విత్తాం. వరసలు నేను గీశాను, విత్తనం ఆమె వేసింది. బుధవారం వాన పడింది. ఇప్పుడు పైరు బెత్తెడు ఎత్తుంది. ఇది మాత్రం నిజం.

రాజీనామా ఇవ్వలేదమ్మా. మా మేనేజర్ రవిచంద్ర గారికి జరిగిందంతా దాచకుండా చెప్పాను. "అచ్ఛా, అయితే ఇకనుంచి ముందు రైతుని అడుగుదాం" అన్నారు.

నిన్నటి క్లాసు ఆ మెరక చేలోనే పెట్టాం. పాఠం చెప్పింది సుక్వారా బాయి. ఏ నేల ఏ పంటని ఓర్చుకుంటుందో మట్టి చేతిలోకి తీసుకుని మరీ చూపించింది. నేను ఆడవాళ్ల మధ్య కింద కూర్చుని రాసుకుంటున్నాను. ఆమె మధ్యలో ఆగి, నా వైపు వేలు చూపించి, "నోనీ, అర్థమైందా?" అంది.

అందరూ ఒకటే నవ్వు. నేను లేచి నిలబడి, "అర్థమైంది గురూజీ" అన్నాను.

అక్కకీ పాపాయికీ ముద్దులతో,
నీ జ్యోతి