నువ్వు ఆపిన చోట

మామా,

నువ్వు పాట చెప్పే రామమందిరంలో ఈరోజు మళ్ళీ భజన మొదలైంది. నిన్ను తీసుకుపోయిన కరోనాలోనే నాయన్ని పోగొట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయిన శ్రావణి, ఇప్పుడు నీ తాళాలు పట్టుకుని చిన్నపిల్లలకు నేర్పిస్తా ఉంది. ఆసుపత్రి మంచం మీద నుంచి నువ్వు శ్రావణి వాళ్ళకు ఫోన్‌లో పాడి పంపినావే, ఆ పాటే.

చరణం మధ్యలో పిల్లలందరూ ఒక్కసారిగా ఆగినారు.

"ఆడెందుకు ఆపుతారే? పాట తెగిపోతా ఉంది!" అని కసిరినాను.

"అయ్యోరు ఆడే ఆపినారు కదత్తా. రోజూ విని నేర్చుకున్నా," అనింది శ్రావణి.

నువ్వు కట్టుకున్నదాన్నైనా, ఆ పాట వినడానికి నాకింతవరకూ ధైర్యం చాలలేదు మామా. నీకు ఊపిరి ఎక్కడ అందలేదో ఈరోజు పిల్లల నోట తెలిసింది.

నేను దిద్దలేదు. రెండోసారి ఆ చోటు రాగానే, వాళ్ళతో పాటు నేనూ ఆగినాను.