పది చుట్లు, స్టార్ కనెక్షన్

29 జనవరి 2025, బుధవారం

నోరు మూసుకుని ఉందామనుకున్నాను. నా వల్ల కాలేదు.

ఏరో క్లబ్ పిల్లలు విమానం పట్టుకుని నేను అసిస్టెంట్‌గా ఉన్న ఎలక్ట్రికల్ ల్యాబ్‌కి వచ్చారు. ఫోమ్ షీట్లు కోసి అతికించిన బొమ్మ విమానం. లావుగా, నిదానంగా ఎగిరే రకం. బ్యాటరీతో కలిపి సరిగ్గా కిలో. క్లబ్ లీడర్ వంశీ, మెకానికల్ థర్డ్ ఇయర్, దానికి మోటార్ కొనుక్కొచ్చాడు. 2200 కేవీ. కేవీ అంటే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందన్న లెక్క, అంతే. అది పవర్ కాదు. వంశీకి మాత్రం పవర్ లాగే కనబడింది, వెయ్యి కంటే రెండు వేల రెండు వందలు పెద్దది కదా. దానికి పది అంగుళాల ప్రొపెల్లర్ బిగిస్తాడట.

నాకు వెంటనే మా షాపు గుర్తొచ్చింది. కాశిబుగ్గలో మా బాపు కొమురెల్లిది మోటార్ వైండింగ్ షాపు. ఇంటర్ నాటికే నేను బోరు మోటార్లకు తీగ చుట్టేదాన్ని. బోరులో నీళ్లు లోతుకు పోతే రైతులు అదే మోటార్‌కి నీళ్లు పైకి తోసే పంకాలు ఇంకో రెండు ఎక్కిస్తారు. నెల తిరగకుండా కాయిల్ మాడ్చుకుని ఆటోలో వేసుకొస్తారు. మోటార్ ఎంత కరెంట్ తీసుకుంటుందనేది దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది. ఈ సంగతి వాళ్లకు చెప్పీ చెప్పీ బాపు గొంతు పోయింది.

వంశీకీ అదే చెప్పాను. ఈ మోటార్‌కి ఆరు అంగుళాలు దాటితే కాలుతుంది, ఆరు అంగుళాలతో నీ విమానం లేవదు, కాబట్టి వెయ్యి కేవీది తెచ్చుకో అన్నాను. అక్కా, నువ్వు ల్యాబ్ తాళాలు జూస్కో, మోటార్లు మేం జూస్కుంటం అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వి, మోటార్ వైర్లు మూడూ సోల్డర్ చేసిపెట్టమని నాకే ఇచ్చారు.

చేసిచ్చాను. నా సోల్డర్ ఎలా ఉంటుందో ఈ కాలేజీలో ప్రతి టేబుల్‌కీ తెలుసు.

31 జనవరి, శుక్రవారం

పది అంగుళాల ప్రొపెల్లర్‌తో వంశీ మోటార్ తిరిగింది నలభై సెకన్లు. నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఆ తరువాత వార్నిష్ కాలిన వాసన. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి నిండా ఉండే వాసన.

3 ఫిబ్రవరి, సోమవారం

నాకు మెమో వచ్చింది. పదకొండేళ్లలో మొదటిది.

ల్యాబ్ అసిస్టెంట్ ఎం. వినోద నిర్లక్ష్యంగా సోల్డర్ చేసినందువల్ల ఒక వైర్ ఊడి, క్లబ్ మోటార్ కాలిపోయిందని వంశీ రాసిచ్చాడట. హెచ్‌ఓడీ రాజేశ్వర్ రావు సార్ పిలిచి మెత్తగానే మాట్లాడారు. తప్పయిందని రెండు లైన్లు రాసియ్యమ్మా, ఫైల్ క్లోజ్ జేస్త అన్నారు. మార్చిలో నీ కాంట్రాక్ట్ రెన్యువల్ ఉన్నది, ఎందుకు లేనిపోని లొల్లి అని కూడా అన్నారు. వైర్లు ఊడలేదు సార్, వచ్చి చూడండి అన్నాను. ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా అన్నారు.

ఆటోలో వస్తుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అయితే ఒళ్లు మండితే వచ్చే ఏడుపు అది. ఉద్యోగం పోతే పోతుంది. నా చేతి పని చెడ్డదని నా చేత్తోనే రాయమంటున్నారు. రాయను.

4 ఫిబ్రవరి, మంగళవారం

పొద్దున్నే స్క్రాప్ డబ్బాలోంచి ఆ మోటార్ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. దొంగతనం అంటే అననీ. నా మూడు సోల్డర్ జాయింట్లూ ఎక్కడివక్కడే మెరుస్తున్నాయి.

సాయంత్రం షాపులో బాపు ముందు పెట్టాను. అరచేతిలో ఇమిడే మోటార్ చూసి, గీ పిల్ల మోటార్‌కేం రోగమొచ్చింది బిడ్డా అన్నాడు. విప్పాం. లోపల తీగ చుట్టే పళ్లు పన్నెండు, పన్నెండింటి మీదా తీగ ఒక్కలాగే నల్లబడింది. బాపు భూతద్దం కూడా తీసుకోలేదు. ఒక వైర్ ఊడితే ఒక దిక్కు మాడతది, ఇది అంతా ఒక్కతీర్గ మాడింది, ఓవర్ లోడ్, పంకా పెద్దదై సచ్చింది అన్నాడు. నలభై ఏళ్లుగా కాయిల్ రంగు చూసి కారణం చెబుతున్న మనిషి.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. కాలిన తీగను తూకానికి అమ్ముకోం. చుట్ట చుట్టి, ఎందుకు కాలిందో చీటీ రాసి కట్టి, మోటార్‌తో పాటు ఓనర్ చేతికే ఇస్తాం. రాగి వాళ్లది, తప్పు ఎవరిదో కూడా వాళ్లకు తెలియాలి కదా. ఆ ప్రకారమే తీగ కోసి, చుట్టి, మేకుకు తగిలించాను. చీటీ ఇంకా రాయలేదు.

6 ఫిబ్రవరి, గురువారం

వంశీ ఈసారి 2600 కేవీ ఆర్డర్ పెట్టాడట. సౌమ్య చెప్పింది. సౌమ్య సెకండ్ ఇయర్, క్లబ్‌లో విమానం నడిపేది ఆ అమ్మాయే. కొత్తది వచ్చే శనివారం, పదిహేనున వస్తుంది, కాలేజీ ఫ్లయింగ్ మీట్ దానికి ఒక రోజు ముందు, పద్నాలుగున. ఇగ ఈ యేడు మా విమానం షోకేస్‌లనే అక్కా అంది.

నేను చుట్టిస్తే బిగిస్తావా అని అడిగాను. లీడర్‌ను అడగాలె అంది. మళ్లీ తనే, అడగను, బిగిస్త అంది.

8 ఫిబ్రవరి, శనివారం. సెలవు పెట్టాను

లెక్క ఇది. పాత తీగ పంటికి ఎనిమిది చుట్లు, డెల్టా కనెక్షన్, అంటే మూడు తీగల కొసలూ త్రికోణంలా కలిపినది. అవే చుట్లను స్టార్‌లో, అంటే మూడు కొసలూ ఒకే ముడిగా, కలిపితే స్పీడ్‌ను ఒకటి పాయింట్ ఏడు మూడుతో భాగించాలి. రెండు వేల రెండు వందలు పన్నెండు వందల డెబ్బై అవుతుంది. చుట్లు ఎనిమిది నుంచి పదికి పెంచితే వెయ్యి దగ్గరికి వస్తుంది. పది అంగుళాల ప్రొపెల్లర్‌కి కావలసింది అదే. బోరు స్టార్టర్ డబ్బాల మీద స్టార్, డెల్టా అని చదువుతూ పెరిగాను నేను. దీనికి ఇంటర్నెట్ చూడనవసరం రాలేదు.

బాపు చేతులు ఇప్పుడు వణుకుతాయి. స్టూల్ మీద కూర్చుని చుట్లు పైకి లెక్కపెట్టాడు, నేను చుట్టాను. ఏడో పంటి దగ్గర ఆయన తొమ్మిది అన్నాడు, నేను పది అన్నాను. కొట్లాడుకున్నాం. విప్పి మళ్లీ చుట్టాను. పదే అయ్యాయి, నాదే రైటు. అయినా మళ్లీ సుట్టుడే మంచిదైంది అన్నాడు, ఓడిపోవడం ఇష్టం లేక.

వేళ్లు రెండు చోట్ల కోసుకుపోయాయి. పెన్ను పట్టుకుంటే మండుతోంది.

9 ఫిబ్రవరి, ఆదివారం

బెంచీకి బిగించి నడిపాం. పదిహేను ఆంప్స్. నూట అరవై వాట్లు. కిలో విమానానికి నూట యాభై ఉంటే చాలు. పాతది ఇదే ప్రొపెల్లర్‌తో నలభై ఆంప్స్ దాటి తాగింది.

నిమిషం నడిపి ఆపాక బాపు మోటార్‌ను గుప్పిట్లో పట్టుకుని పది లెక్కపెట్టాడు. పది దాకా వేడికి చెయ్యి తియ్యకపోతే మోటార్ పాస్. తియ్యలేదు. పదిహేను దాకా పట్టుకుని, ఇగ ఎవనికి భయపడేది లేదు పో అన్నాడు.

10 ఫిబ్రవరి, సోమవారం

లెటర్ రాసినవామ్మా అని సార్ అడిగారు. లేదన్నాను.

14 ఫిబ్రవరి, శుక్రవారం

వేళ్ల కోతలు ఇంకా మానలేదు. అయినా రాయాలి.

గ్రౌండ్ చుట్టూ రెండు వందల మంది. మా మోటార్ బిగించారని వంశీకి అక్కడికి వచ్చాకే తెలిసింది. అందరి ముందూ అరిచాడు. పంపు మోటార్లు సుట్టే షాపుల జేపిచ్చింది పెడ్తరా, పరువు దీస్తరా అన్నాడు. సౌమ్య రిమోట్ వదల్లేదు. మరి నీ మోటార్ ఏది, అన్నా అని అడిగింది.

థ్రాటిల్ ఇచ్చింది. ప్రొపెల్లర్ తిరిగింది, గాలి మాత్రం ముందుకు కొట్టింది. రివర్స్. విమానం వెనక్కి జరిగింది. గ్రౌండ్ మొత్తం నవ్వింది. వంశీ ఫోన్ తీసి వీడియో పట్టాడు.

నాకు సిగ్గు వేయలేదు. వైర్లు తారుమారై బోరు మోటార్ ఉల్టా తిరగడం మా షాపులో రోజూ చూసేదే. వెళ్లి, మూడు వైర్లలో రెండు పీకి అటుది ఇటు పెట్టాను. పది సెకన్ల పని. వీడియో ఆపకు తమ్ముడూ అని వంశీతో చెప్పి పక్కకు జరిగాను.

నేనే చేతితో విసిరాను. సౌమ్య విసరమంది. విసిరేటప్పుడు అరచేతికి తగిలింది ఆ లాగుడు, బరువుగా, గట్టిగా. విమానం ముందు కొంచెం కిందికి దిగింది. తరువాత పైకి లేచింది, హాస్టల్ నీళ్ల ట్యాంక్ మీదుగా తిరిగి వచ్చింది. ఏడు నిమిషాలు. గుండ్రంగా, నిదానంగా, ఎవరికీ తొందర లేనట్టు. నేను మెడ దించలేదు.

దిగాక మోటార్‌ను గుప్పిట్లో పట్టుకున్నాను. పది. తీసుకెళ్లి వంశీని కూడా పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. పది దాకా.

17 ఫిబ్రవరి, సోమవారం

రాజేశ్వర్ రావు సార్ చాలా మెచ్చుకున్నారు. ప్రిన్సిపాల్ కూడా అడిగారట, ఆ మోటార్ ఎవరు చేశారని. క్లబ్ పిల్లలే చేసిండ్రని చెప్పినమ్మా, మంచిగుంటదని అన్నారు. ఆ తరువాత డ్రాయర్‌లోంచి మెమో తీశారు. విమానం ఎగిరింది, సంతోషం, గని ఫైల్ ఓపెన్ ఉన్నది, జర ఆ రెండు లైన్లు ఇచ్చెయ్యి, ఉత్త ఫార్మాలిటీ అన్నారు.

వంశీ లెటర్ వెనక్కి తీసుకోలేదా సార్ అని అడిగాను. స్టూడెంట్ భవిష్యత్తు అమ్మా అన్నారు.

రేపు ఇస్తానన్నాను. ఆయన మొహం తేటపడింది.

ఇంటికొచ్చి బాపుకి చెప్పాను. ఆయన మేకు మీది తీగ తెచ్చి నా ముందు పెట్టాడు.

18 ఫిబ్రవరి, మంగళవారం, పొద్దున 10:20

మెమోకి జవాబు ఇచ్చాను. కాలిన తీగ చుట్ట, దానికి కట్టిన చీటీ. పన్నెండు పళ్లూ సమానంగా మాడినవి. కారణం ఓవర్ లోడ్. సోల్డర్ మూడు జాయింట్లూ బాగున్నవి. తీగ ఓనర్‌కి వాపసు. కింద నా సంతకం, పక్కన బాపు షాపు ముద్ర.

ఇది ఫైల్లో పట్టదన్నాడు క్లర్కు. పట్టే ఫైల్ తెచ్చుకోమని చెప్పి ల్యాబ్ తాళం తీశాను.