అడగకుండా నింపిన గిన్నె

బోధన్ తాలూకా,
9 ఫిబ్రవరి 1964

చిరంజీవి ప్రమీలకు మీ బాపు వెయ్యి దీవెనలు పెట్టి రాయునది. నేను, మీ అవ్వ, ఎడ్లు రెండూ సుఖంగా ఉన్నాము. నువ్వు వరంగల్‌లో వేళకు తింటున్నావనే నమ్మకంతో ఉన్నాము.

నీ ఉత్తరం అందింది తల్లీ! మీ అవ్వ నాలుగుసార్లు చదివించుకుంది. పంతులమ్మల ట్రైనింగులో, ధారాళంగా ఇవ్వడానికి మీ ఊళ్లో ఏమేం మాటలున్నాయో రాసుకురమ్మన్నారా? భలే లెక్క ఇచ్చారు. రాసుకో. గుడికిస్తే దానం. ఫకీరుకిస్తే ఖైరాత్. ఆకలన్నవాడికి ధర్మం. కొన్నవాడికి పైన వేస్తే కొసరు. చెరకు రసం కాచే మన బెల్లం పెనం దగ్గర ఇచ్చేదానికి మాత్రం మాట లేదు బిడ్డా. అక్కడికి వచ్చినవాళ్లు అడగరు, మనం అడగనియ్యం. గిన్నె కనబడితే నింపడమే.

చెరకంతా ఫ్యాక్టరీకే తోలి పెనం మానెయ్యమన్నావు. మానను. ఏటా అరెకరం చెరకు పెనానికే. నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఇది మారదు.

ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒప్పుకోవాలి. మన బండి చక్రాలు చేసే ఖాసిం భార్య మాసూమా, మీ అవ్వ జ్వరంతో పడుకున్నప్పుడు నిన్ను చంకనేసుకుని సాకిన మనిషి, మొన్న గిన్నె పట్టుకుని పెనం దగ్గరికి వచ్చింది. రెండు నెలలు ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరకు తూకాలు అడిగి అడిగి అలవాటైన నోరు కదా, "ఎంత గావాలె మాసూమా?" అనేశాను.

ఆమె గిన్నె మీద కొంగు కప్పుకుంది. "ఏమొద్దన్నా, ఊకె సూసి పోదామని వచ్చిన" అని వెళ్లిపోయింది.

పాకం కలిపే లింగం తెడ్డు ఆపాడు. "ముత్తన్నా, గిదేమన్న ఫ్యాక్టరీ కాంటనా?"

మర్నాడు బెల్లం ముద్దలు నేనే మోసుకుపోయాను. మాసూమా గుమ్మంలోనే ఆపింది. "మాఫ్ జెయ్యన్నా. నువ్వు అడిగినంక తీస్కుంటే బిచ్చమైతది."

ఈ ఏటి వంట ముగించి పెనం దించడానికి ఇక రెండే రోజులు. ఆమె రాకుండా దించితే ఈ ఏడు బెల్లం నోట పెట్టనని ఒట్టేసుకున్నాను. తెల్లారి ఖాళీ గిన్నె పట్టుకుని వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. ఒక్క మాట మాట్లాడలేదు.

"వదినె ఒండలేదా యేంది?" అని ఖాసిం నవ్వాడు.

మాసూమా నా ముఖం చూసింది, గిన్నె చూసింది. ఏమీ అడగలేదు. గిన్నెడు జొన్న గటక పోసి, పైన ఇంత మామిడి తొక్కు వేసింది. సగం చెక్కిన చక్రం మీద కూర్చుని గిన్నె నాకినంత పని చేశాను తల్లీ!

ఈ సాయంత్రం ఆమె వచ్చింది, వాళ్లింట్లో ఉన్న అన్నిట్లోకీ పెద్ద గిన్నెతో! నోరు తెరవకముందే వేడి పాకం పోశాను. "అయ్యో, సాలన్నా సాలు, కాలుతది!" అని ఆమె మొత్తుకుంటున్నా పోస్తూనే ఉన్నాను. పొంగి నా రెండు వేళ్ల మీద పడింది. అక్షరాలు వంకర పోయాయని నవ్వకు.

ఇట్లు,
బొబ్బలెక్కిన చేత్తోనే నిన్ను దీవించే
మీ బాపు
ముత్తన్న