రైఫిల్‌కు పూసిన గ్రీజు

శుక్రవారం రాత్రి

ఎన్నికలప్పుడు రూలు ప్రకారం పోలీస్ స్టేషన్‌లో అప్పగించిన నాయన రైఫిల్ మొన్ననే తిరిగొచ్చింది. గొట్టం లోపల తుప్పు. కడిగే మందూ నూనే కొందామని ఇవాళ కర్నూలు పోయాను. తుపాకుల అంగడి భాయ్ సీసాలన్నీ ముందు పెట్టి ఒకటే అడిగాడు.

"వాడేదానికా, దాచిపెట్టేదానికా అప్పా?"

వాడేదానికైతే పల్చటి నూనె, దాచేదానికైతే చిక్కటి గ్రీజు అట. పొలం గట్టు గొడవలో చిన్నాయన కొడుకు రమణ నన్ను అన్న మాటలు గుర్తొచ్చాయి. ఆ మాటలు పడ్డప్పటి నుంచి కలలో కూడా రైఫిల్ పెట్టే బీరువా చుట్టే తిరుగుతున్నాను. చివరికి గ్రీజు డబ్బా మీద వేలు పెట్టాను.

సాయంత్రం వసారాలో గొట్టం కడిగి ఆకాశం వైపు ఎత్తి చూశాను. లోపల చెక్కిన మెలికల గీతలు మెల్లగా తిరుగుతున్నట్టు, ఆ కొసన గుండ్రటి వెలుతురు నన్ను రమ్మంటున్నట్టు అనిపించింది. ఎంతసేపు అట్లా ఉండిపోయానో. తర్వాత గ్రీజు దట్టంగా పట్టించాను. వెలుతురు మసకబారింది.

నా భార్య సుజాత వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంక అది పేలదా?"

"పేలుతాది. ముందు ఇదంతా తుడవల్ల."

"శానాసేపు పడతాదా?"

"పడతాది."

ఆమె లోపలికి పోయి, రైఫిల్‌కు చుట్టమని తన పాత నూలుచీర తెచ్చిచ్చింది.

సబ్బుతో రుద్దినా వేళ్ల జిడ్డు పోలేదు, ఈ కాగితానికీ అంటుతోంది. రమణ ఊరుకునే రకం కాదు, నేనూ కాదు. ఏ రాత్రైనా నాకు కోపమొస్తే, ఆ గ్రీజు తుడిచేలోగా తెల్లారిపోవాలి.